నాదెళ్ల సత్యనారాయణ: ఉద్యోగచరిత్ర – ఒక పరిశీలనము

మన కాలపు ఆంధ్రులలో ప్రపంచమంతటను పేరు వినబడినవారు కొలదిమంది. అమెరికాలోని మైక్రోసాఫ్ట్ సంస్థకు 2014లో ముఖ్య కార్యనిర్వహణాధికారియైన శ్రీ నాదెళ్ల సత్యనారాయణ అట్టివారిలో నొకడు. లోకము ఆయనను సత్య నాదెళ్ల యని పిలుచుచున్నది. తెలుగువారి సభలలో ఆయన ప్రసక్తి తఱచు వచ్చును. కాని ఆ ప్రసక్తి రెండు మాటలతో ముగియుట పరిపాటి: మనవాడు, పెద్ద పదవి. మనవాడనుటకు ఆధారమేమి? ఆ పదవికి చేరిన మార్గమెట్టిది? చేరిన పిదప ఆయన చేసినదెంత, పూర్వులు చేసి విడిచినదెంత? ఈ ప్రశ్నలు సభలలో వినబడవు. చరిత్ర వ్రాయువాని పని ఈ ప్రశ్నలతోనే ఆరంభమగును.

హొసకోటె వంటి చోట ఈ విచారము కేవలము పాండిత్యవినోదము కాదు. ఈ యూరు బెంగళూరునకు తూర్పున కోలారునకు పోవు దారిలో నున్నది. రాజ్యభాష కన్నడము, ఇంట తెలుగు మాటాడు కుటుంబములును తరతరములుగ నిచట గలవు. వైట్‌ఫీల్డులోని సాఫ్ట్‌వేర్ కార్యాలయములు ఇచ్చటికి దూరము కావు. బిడ్డను తెలుగు చెప్పు బడిలో చేర్పవలెనా వలదా యని తర్కించు తలిదండ్రులు దృష్టాంతముగ చూపు పేళ్లలో సత్య నాదెళ్ల పేరొకటి. ఆయన తెలుగు బడిలో చదివినాడా యని వారడుగుదురు. తెలుగుపంతులు ఈ ప్రశ్నకు సూటిగ బదులు చెప్పవలసినవాడే. అట్టి బదులునకై ఆ ఉద్యోగచరిత్రను మొదటినుండి పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

పూర్వరంగము

అమెరికా వాణిజ్యసంస్థలో ఉన్నతాధికారము వహించిన ఆంధ్రులలో సత్య నాదెళ్ల మొదటివాడు కాడు. భీమవరమున 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1920ల ఆరంభమున బోస్టను చేరి, హార్వర్డ్ వైద్యకళాశాలలో జీవరసాయనశాస్త్రమున పరిశోధన చేసెను. 1940లో అమెరికన్ సైనమిడ్ సంస్థకు చెందిన లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పిదప అందలి పరిశోధనకెల్ల అధిపతియై, 1948లో మరణించువఱకు ఆ బాధ్యతను వహించెను. ఫోలిక్ ఆమ్లసంశ్లేషణము, బోదవ్యాధికి వాడు హెట్రజాన్ మందు, రక్తకర్కటమునకు వాడిన అమినాప్టెరిన్ మొదలగునవి ఆయన నాయకత్వమున వెలువడినవి. ఐనను ఆయన అమెరికా పౌరుడు కాకయే మరణించెను. భారతీయులకు అమెరికా పౌరసత్వము నొసగరాదని ఆ దేశపు సుప్రీం కోర్టు 1923లో తీర్పు చెప్పియుండెను. 1946లో శాసనము మాఱినను, ఏటేట చేరదగిన భారతీయుల సంఖ్య నూటికి పరిమితమయ్యెను.

1965లో వచ్చిన వలసశాసనము ఈ జాతిపరిమితులను తొలగించెను. తరువాత రెండేండ్లకు సత్య నాదెళ్ల జన్మించెను. ఈ ఆనుపూర్వి గమనింపదగినది. వ్యక్తియొక్క ప్రతిభ యెంతటిదైనను, దానికి తలుపు తెఱచు శాసనమొకటి ఉండవలెను. సుబ్బారావునకు సగము తెఱచిన తలుపు సత్య నాదెళ్ల నాటికి చాలవఱకు తెఱవబడియుండెను; పూర్తిగ కాదు. ఆ విషయము మున్ముందు తెలియగలదు.

వంశము, గ్రామము

తండ్రి శ్రీ బి.ఎన్. యుగంధర్. అందు ‘బి’ యనునది బుక్కాపురమును, ‘ఎన్’ యనునది నాదెళ్లను తెలుపును. బుక్కాపురము అనంతపురము జిల్లా యెల్లనూరు మండలములోని గ్రామము. ఇంటిపేరునకు ముందు ఊరిపేరును నిలుపుకొనుట మన సీమలో పలు కుటుంబముల ఆచారము. కొడుకు పేరునుండి ఊరు తొలగినది. పాశ్చాత్యరీతిని ఇంటిపేరు చివరకు పోయినది. మూడు తరముల వలసచరిత్ర ఈ పేళ్లలోనే కొంత కనబడుచున్నది.

యుగంధర్ 1962లో ఐ.ఏ.ఎస్.లో చేరెను. కేంద్రప్రభుత్వమున గ్రామీణాభివృద్ధి శాఖకు కార్యదర్శిగను, శ్రీ పి.వి. నరసింహారావు ప్రధానిగ నున్న కాలమున ప్రధాని కార్యాలయమునను పనిచేసెను. 1988 నుండి 1993 వఱకు మస్సూరీలోని లాల్ బహదూర్ శాస్త్రి జాతీయ పరిపాలనా అకాడమీకి సంచాలకుడుగ నుండెను. 2004 నుండి 2009 వఱకు ప్రణాళికాసంఘ సభ్యుడయ్యెను. 2019 సెప్టెంబరులో మరణించెను. తల్లి శ్రీమతి ప్రభావతి సంస్కృతము బోధించిన విదుషి.

సత్యనారాయణ 1967 ఆగస్టు 19వ తేదీన హైదరాబాదున జన్మించెను. ‘హిట్ రిఫ్రెష్’ అను పేర 2017లో ఆయన వెలువరించిన గ్రంథమున బాల్యమునుగూర్చి యొక ముచ్చట కలదు. తండ్రి కుమారుని గదిలో కార్ల్ మార్క్స్ చిత్రపటమును తగిలించెనట. తల్లి దానికి బదులుగ లక్ష్మీదేవి పటమును తగిలించెనట. బాలునకు కావలసినది మాత్రము ఈ రెండును గాక, హైదరాబాదు క్రికెట్ వీరుడు ఎం.ఎల్. జయసింహ పటము! ఇది నవ్వు పుట్టించు ముచ్చటయే యైనను, ఆ యింటి స్వభావమును తెలుపును. భిన్నాభిప్రాయములు ఒకే గోడపై నిలిచిన యిల్లది.

విద్య

ఆయన చదివినది బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలు. ఈ పాఠశాల చరిత్ర ప్రత్యేకముగ తెలియదగినది. నిజాము రాజ్యమున జాగీర్దారుల కుమారుల విద్యకై 1923లో జాగీర్దార్ కళాశాల యను పేర నిది నెలకొల్పబడెను. 1949లో జాగీర్లు రద్దయినవి. 1951లో పాఠశాల పేరు మాఱి, ఇతరుల బిడ్డలకును ప్రవేశము కలిగెను. అడోబీ సంస్థకు 2007లో అధిపతియైన శంతను నారాయణ్, మాస్టర్‌కార్డ్ సంస్థను నడిపి 2023లో ప్రపంచబ్యాంకు అధ్యక్షుడైన అజయ్ బంగా ఇచ్చటి విద్యార్థులే. ప్రభువుల బిడ్డలకై కట్టిన భవనము ఉద్యోగుల బిడ్డలను ప్రపంచవాణిజ్యమునకు పంపు ద్వారమయ్యెను. ఐనను అది సామాన్యుని బడి యని చెప్పజాలము. బోధనాభాష ఆంగ్లము. కనుక మన తలిదండ్రుల ప్రశ్నకు మొదటి బదులు నిష్కర్షగ చెప్పవలెను: ఆయన తెలుగు మాధ్యమమున చదివినవాడు కాడు.

ఆ పాఠశాలలో ఆయన క్రికెట్ జట్టున బంతి వేయుచుండెను. ఒకనాడు ఆయన బంతులు సాగక పరుగులు పోవుచుండగా, జట్టు నాయకుడు బంతిని తాను తీసికొని వికెట్టు పడగొట్టి, మఱల బంతిని ఈయనకే యిచ్చెనట. ఏల నిచ్చితివని పిదప నడుగగా, నీ ధైర్యము చెడిన నాకు ఆటకాలమంతయు నష్టమని అతడు చెప్పిన భావము. నాయకత్వమునుగూర్చి తాను నేర్చిన పాఠములలో ఇది యొకటియని సత్య నాదెళ్ల వ్రాసికొనెను.

ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షలో ఆయన ఉత్తీర్ణుడు కాలేదు. ఈ విషయమును ఆయనయే చెప్పికొనెను. తరువాత చేరినది కర్ణాటకమున మణిపాలలోని ఇంజనీరింగు కళాశాల. డాక్టర్ టి.ఎం.ఏ. పై 1953లో మణిపాలమున వైద్యకళాశాలను, 1957లో ఈ ఇంజనీరింగు కళాశాలను స్థాపించెను. ప్రభుత్వ కళాశాలలలో చోటు చాలని కాలమున ప్రైవేటు యత్నముచే వృత్తివిద్య వ్యాపించుటకు మణిపాలము దక్షిణదేశమున ముఖ్యోదాహరణము. సత్య నాదెళ్ల 1988లో అచట విద్యుదింజనీరింగు పట్టము పొందెను. అనంతపుర గ్రామమూలము, హైదరాబాదు బాల్యము, కర్ణాటకమున పట్టము – ఈ మూడింటిని చూచిన, తెలుగు కన్నడ సీమలు రెండింటికిని ఈ చరిత్రలో పాలు కలదని తేలుచున్నది. కర్ణాటకాంధ్రులమైన మనకు ఇది సంతోషకరమైన విషయము.

వలస, ఉద్యోగారంభము

1988లోనే ఆయన అమెరికా చేరి, మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదివి 1990లో ఎం.ఎస్. పట్టము నందెను. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో కొంతకాలము పనిచేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరెను. ఉద్యోగము చేయుచునే వారాంతములందు షికాగో విశ్వవిద్యాలయమునకు పోయి 1997లో వ్యాపారనిర్వహణలో ఎం.బి.ఏ. పూర్తిచేసెను.

మైక్రోసాఫ్ట్‌లో ప్రవేశమునకై జరిగిన సంభాషణలో ఒక అధికారి ఆయన నిట్లడిగెనట: వీధిలో శిశువు పడి యేడ్చుచున్నది, నీవేమి చేయుదువు? అత్యవసర సహాయమునకు ఫోను చేయుదునని యీయన బదులు. ముందు బిడ్డను ఎత్తుకొనవలెనయ్యా యని ఆ అధికారి చెప్పెనట. సరియైన పద్ధతి తెలిసినవాడు సరియైన మనిషి కావలెనని లేదు. ఈ తప్పును దాచక ప్రకటించుట ఆ గ్రంథకర్త గుణములలో నొకటి.

1992లో ఆయనకు వివాహమయ్యెను. అప్పటికి అమెరికాలో శాశ్వతనివాసపు హక్కు, అనగా గ్రీన్‌కార్డు, లభించియుండెను. విచిత్రమేమన, ఆ హక్కు గలవాని భార్య ఆ దేశమునకు రావలెనన్న ఏండ్లతరబడి వేచియుండవలెను. తాత్కాలికోద్యోగపు హెచ్-1బి వీసాగలవాని భార్య వెంటనే రావచ్చును. అందుచే 1994లో ఆయన ఢిల్లీలోని అమెరికా రాయబారకార్యాలయమునకు పోయి, ఎందరో కోరు గ్రీన్‌కార్డును తిరిగి యిచ్చివేసి, తాత్కాలికపు వీసాను గ్రహించెను. భార్య శ్రీమతి అనుపమ మణిపాలమున వాస్తుశిల్పశాస్త్రము చదివినది. తలుపు పూర్తిగ తెఱవబడలేదని పైని చెప్పినది ఇందుకే.

1996లో వారికి కలిగిన కుమారుడు జెయిన్ పుట్టుకతోనే మస్తిష్కపక్షవాతమునకు లోనయ్యెను. ఇది తనకేల సంభవించినదని మొదట తాను దుఃఖించితిననియు, బిడ్డకు కావలసినదేమో చూడవలెనను దృష్టిని భార్యయొద్ద నేర్చితిననియు ఆయన వ్రాసెను. ఆ కుమారుడు 2022లో మరణించెను.

ఇరువదిరెండేండ్ల దారి

1992లో చేరినవాడు 2014లో అధిపతి యయ్యెను. ఈ నడిమి ఇరువదిరెండేండ్లను మన ఉపన్యాసకులు ఒక్క గంతులో దాటుదురు. నిజమునకు చరిత్రయంతయు అచటనే యున్నది.

మొదట ఆయన పని విండోస్ ఎన్.టి. యను కార్యవ్యవస్థను సంస్థల కార్యాలయములలో ప్రచారము చేయుట. 1999లో చిన్న వ్యాపారులకు సేవలొసగు బిసెంట్రల్ శాఖలో ఉపాధ్యక్షపదవి లభించెను. 2001లో వ్యాపారనిర్వహణ సాఫ్ట్‌వేర్ శాఖకు చేరెను. ఇవియేవియు సంస్థకు ప్రాణములైన విండోస్, ఆఫీస్ శాఖలు కావు. పేరు తెచ్చు పదవులును కావు.

2007లో అప్పటి అధిపతి స్టీవ్ బామర్ ఆయనను ఇంటర్నెట్ శోధనశాఖకు పిలిచెను. అచట గూగుల్ తిరుగులేని స్థానమున నుండెను. మైక్రోసాఫ్ట్ శోధనయంత్రమునకు 2009లో బింగ్ అను పేరు వచ్చెను. ఈ పదవి యిచ్చునపుడు బామర్ స్పష్టముగ హెచ్చరించెనని సత్య నాదెళ్ల వ్రాసెను: బాగుగ ఆలోచింపుము, ఓడిన యెడల ఈ సంస్థలో నీకిదియే తుది యుద్యోగము కావచ్చును అని ఆ హెచ్చరిక సారాంశము. ఐనను ఆయన పోయెను. బింగ్ గూగుల్‌ను గెలువలేదు. కాని వేలాది కంప్యూటర్లను ఒక్కటిగ నడిపించుట, అనుదినము వాడుకరుల ప్రవర్తనను పరీక్షించి సేవను మార్చుట – ఈ రెండు విద్యలు ఆయనకు అచట పట్టువడెను. ఓడిన రంగమున సంపాదించిన విద్య మఱియొక రంగమున గెలుపునకు మూలమయ్యెను.

2011లో సర్వర్లు, ఉపకరణములు అను శాఖకు ఆయన అధ్యక్షుడయ్యెను. సంస్థలు కంప్యూటర్లను కొని తమ కార్యాలయములలో నిలుపుకొనుటకు మాఱుగ, దూరముననున్న కేంద్రములనుండి కంప్యూటరు శక్తిని అద్దెకు తీసికొను పద్ధతి అప్పటికే వ్యాపించుచుండెను. దీనికి క్లౌడ్ అని పేరు. అమెజాన్ 2006లోనే ఈ వ్యాపారమునకు దిగెను. ఆ శాఖవారికి పాతపద్ధతిలోనే మంచి రాబడి యుండుటచే క్రొత్తదానిపై మనసు లేకుండెను. పండు చెట్టును నఱికి మొక్క నాటుమనినట్లు వారికి తోచియుండును. సత్య నాదెళ్ల ఒక్కొక్కరితో మాటాడి, వాడుకరుల మాట వినిపించి, వారిని ఆ వైపునకు మఱలించెను. ఆయన చేరిన 2011లో 1,660 కోట్ల డాలర్లుగ నున్న శాఖ రాబడి 2013 నాటికి 2,030 కోట్ల డాలర్లయ్యెను. 2014 ఫిబ్రవరి 4వ తేదీన, బిల్ గేట్స్, బామర్‌ల పిదప, మైక్రోసాఫ్ట్‌కు ఆయన మూడవ అధిపతి యయ్యెను. అప్పటికాయన వయస్సు 46 ఏండ్లు.

ఆయనది ఏది, కానిది ఏది

ఇచట చరిత్రకారుడు జాగ్రత్త వహింపవలెను. ఆయన పేర ప్రచారములోనున్న ఘనకార్యములలో కొన్ని ఆయన ఆరంభించినవి కావు.

మొదటిది, క్లౌడ్ సేవ. దానికి మైక్రోసాఫ్ట్‌లో అజూర్ అని పేరు. 2008లో రే ఓజీ నాయకత్వమున అది ప్రకటింపబడెను. 2010లో వాడుకకు వచ్చెను. ఈ రెండును బామర్ కాలమున జరిగినవి. సత్య నాదెళ్ల చేరుసరికి అది చిన్న మొక్క. పెంచినవాడాయన, నాటినవాడు కాడు.

రెండవది, ఉద్యోగులను వరుసక్రమమున నిలిపి, ప్రతి జట్టులోను కొందఱిని తప్పక తక్కువవారిగ లెక్కించు పద్ధతి. తోడివానిని తోడివానికి శత్రువుగ జేయు ఈ పద్ధతిని ఆయన తొలగించెనని పలువురు చెప్పుదురు. నిజమునకు అది 2013 నవంబరులో, ఆయన పదవికి వచ్చుటకు మూడు నెలలకు ముందే, రద్దయ్యెను. ఆ రద్దునకు తగిన మనఃస్థితిని సంస్థలో కలిగించుట మాత్రము ఆయన పని. ఆచార్యురాలు క్యారల్ డ్వెక్ వ్రాసిన గ్రంథమునుండి, సామర్థ్యము పుట్టుకతో స్థిరమైనది కాదు, అభ్యాసముచే పెరుగునను భావమును గ్రహించి, అన్నియు తెలిసినవారముగ గాక అన్నియు నేర్చుకొనువారముగ నుండవలెనని ఆయన సంస్థకు బోధించెను.

మూడవది, ఆపిల్ వారి ఐప్యాడ్‌పై ఆఫీస్ సాఫ్ట్‌వేర్. ఆయన పదవికి వచ్చిన రెండు నెలలలోపల, 2014 మార్చిలో, దానిని విడుదల చేసెను. కాని దాని నిర్మాణము బామర్ కాలమున జరిగినదే.

ఇక ఆయనదే యని నిశ్చయముగ చెప్పదగినవి కలవు. 2001లో బామర్ లినక్స్ అను స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్‌ను కర్కటవ్యాధితో పోల్చెను. 2014లో సత్య నాదెళ్ల సంస్థకు లినక్స్‌పై ప్రేమ గలదని బహిరంగముగ ప్రకటించెను. శత్రువును మిత్రునిగ జేసికొను ఈ నీతి తరువాతి కాలమున 2018లో గిట్‌హబ్ సంస్థను 750 కోట్ల డాలర్లకు కొనుటకు దారితీసెను. 2016లో లింక్డ్ఇన్‌ను 2,620 కోట్ల డాలర్లకును, 2023లో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకును సంస్థ కొనెను. 2019లో ఓపెన్ఏఐ సంస్థలో 100 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టి, కృత్రిమమేధారంగమున చేయి వేసెను. విడిచివేయుటలోను ఆయన నిర్ణయము కనబడును. నోకియా ఫోను వ్యాపారమును కొనుటకు బామర్ పూనుకొన్నప్పుడు తాను వ్యతిరేకముగ అభిప్రాయమిచ్చితినని ఆయన వ్రాసెను. అధిపతియైన పిదప, 2015లో, ఆ వ్యాపారపు విలువలో 760 కోట్ల డాలర్లను నష్టముక్రింద వ్రాసివేసెను. 2014లో సుమారు 30,000 కోట్ల డాలర్లుగ నున్న సంస్థ విపణివిలువ 2019లో లక్ష కోట్లను, 2024 జనవరిలో మూడు లక్షల కోట్లను దాటెను. 2021లో ఆయన సంచాలకమండలికి అధ్యక్షుడును అయ్యెను. 2022లో భారతప్రభుత్వము ఆయనకు పద్మభూషణ మొసగెను.

వీని నన్నిటిని చేర్చి చూచిన, ఒక్క సిద్ధాంతము తేలుచున్నది. ఆయన ప్రతిభ ముఖ్యముగ క్రొత్తదానిని సృష్టించుటలో కాక, పూర్వులు ఆరంభించి సగమున విడిచినవానిలో బ్రతుకునదేదో గుర్తించి దానిని నిలుపుటలోను, చచ్చినదానిని మొగమాటము లేక విడుచుటలోను ఉన్నది. స్థాపకుని కీర్తి వేఱు, నిర్వాహకుని కీర్తి వేఱు. మనము రెండవదానికి విలువ తక్కువగ కట్టుచున్నాము. అందుచేతనే ఆయనను పొగడునపుడు ఆయన చేయనివానిని ఆయనకు అంటగట్టుచున్నాము.

విమర్శలు

పొగడ్తతో ముగించుట చరిత్ర కాదు. ఆ విలువ పెరుగుదలకు మూల్యము చెల్లించినవారును కలరు. 2014 జూలైలో 18,000 మందిని తొలగింతుమని ప్రకటన వెలువడెను. అందు సుమారు 12,500 మంది నోకియానుండి వచ్చినవారు. 2023లో 10,000 మందిని తొలగించిరి. 2025లో రాబడి అధికముగ నున్న కాలముననే 15,000కు పైగా ఉద్యోగులు పోయిరి. 2024లో ముగిసిన ఆర్థికసంవత్సరమునకు అధిపతికి ముట్టిన మొత్తప్రతిఫలము 7.91 కోట్ల డాలర్లు. వీనిని ప్రక్కప్రక్కన నుంచి చూచువారికి సహానుభూతి యను మాట కొంత చిన్నబోయినట్లు తోచుట సహజము. సంస్థయొక్క భద్రతావ్యవస్థ సరిగ లేదని 2024లో అమెరికాప్రభుత్వపు సమీక్షామండలి కఠినముగ విమర్శించెను.

2014 అక్టోబరులో ఫీనిక్సునగరమున కంప్యూటరురంగపు స్త్రీల మహాసభ జరిగెను. జీతము పెంపునకు అడుగుటకు జంకు స్త్రీలకు మీ సలహా యేమని ప్రశ్న వచ్చెను. అడుగకుండుట మంచి కర్మమనియు, వ్యవస్థను నమ్మవలెననియు ఆయన చెప్పెను. సభలోనే ప్రశ్నించిన ఆచార్యురాలు మరియా క్లావే విభేదించెను. వెలుపల పెద్ద నిరసన చెలరేగెను. ఆ దినముననే ఆయన ఉద్యోగులకు లేఖ వ్రాసి, తన బదులు పూర్తిగ తప్పనియు, అర్హత గలదనుకొన్నవారు అడుగవలసినదే యనియు అంగీకరించెను. మన కర్మసిద్ధాంతమును పీడితునకు ఓర్పుపాఠముగ మాత్రమే వాడినచో నేమగునో ఈ సంఘటనము తెలుపుచున్నది. కర్మమనగా పనియు, దాని ఫలమును గదా. అర్హతగల పనికి ఫలమడుగుట కర్మవిరుద్ధము కాదు.

మనకు చెందు భాగము

ఇక తొలిప్రశ్నకు వత్తము. ఆయన తెలుగు మాధ్యమమున చదువలేదు. కనుక తెలుగు ఆయనను ఇంతవానిని చేసినదని మనము చెప్పికొనరాదు. విండోస్‌లో తెలుగు అక్షరములు కనబడుటను సైతము ఆయనకు కట్టబెట్టరాదు. యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 1991లోనే స్థానము కలిగెను. 2001నాటి విండోస్ ఎక్స్.పి.తో గౌతమి అను తెలుగు లిపి వచ్చెను; ఈ రెండును ఆయన అధికారమునకు పూర్వమే. అట్లే, తెలుగు చదివియుండిన ఆయన ఇంతవాడు కాకపోయెడివాడు అనుటకును ఈ చరిత్రలో అణుమాత్రమైన ఆధారము లేదు. అనంతపుర గ్రామమునుండి వచ్చిన తండ్రి ఐ.ఏ.ఎస్. అధికారియై ప్రణాళికాసంఘమువఱకు పోయినది ఈ కుటుంబచరిత్రలోనే గలదు. ఒక్క తరమున జరిగిన ఆ యారోహణము కొడుకు ఆరోహణమునకంటె చిన్నది కాదేమో.

ఆయన ఉద్యోగమార్గమును నిర్ణయించినవి ఏవి యని లెక్కించిన, ఇవి తేలును: ఉద్యోగి యింటి పుస్తకములు, మంచి పాఠశాల, ప్రవేశపరీక్షలో ఓడినవానికి మఱియొక చోట చోటు, 1965నాటి శాసనము, భార్య తోడ్పాటు, పేరులేని పదవులలో ఇరువదిరెండేండ్ల ఓపిక, ఇతరుల మాట వినుటకు అలవాటు. వీనిలో బోధనాభాష యొక్కటియే తూకమును మార్చునని యెవ్వరును నిరూపింపలేదు. ఇంకొక మాట. ఉత్తమమైన కంప్యూటరు రచన కవిత్వమువంటిదని ఆయన పలుమాఱులు చెప్పెను. పెద్ద భావమును కొలదిమాటలలో ఇముడ్చుట రెండింటికిని సమానమని ఆయన తాత్పర్యము. సంస్కృతవిదుషి కుమారుడు ఇట్లనుట ఆశ్చర్యము కాదు. ఇతరుల మాటను శ్రద్ధగ విని గ్రహించుట, గ్రహించినదానిని క్లుప్తముగ చెప్పుట – ఈ రెండింటిని నేర్పుటయే భాషోపాధ్యాయుని పని. వానిని బాలుడు ఏ భాషలో సులభముగ నేర్చునో ఆ భాషలో మొదట నేర్పుట న్యాయము. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపుడని రాష్ట్రములను ఆదేశించుట ఇందుకే.

కావున హొసకోటె తలిదండ్రులకు ఇట్లు విన్నవింపవచ్చును. ఆంగ్లము బిడ్డకు అవసరము; కన్నడము ఈ నేలపై బ్రతుకుటకు అవసరము; ఈ రెండింటిని నేర్చుటకు తెలుగును విడువనక్కఱలేదు. సత్య నాదెళ్ల చరిత్ర విడువుమని చెప్పుటలేదు. అది చెప్పునది వేఱు. ఇతరులు ఆరంభించినదానిని చిన్నచూపు చూడక, దానిలో జీవమున్నచో పెంచి పెద్దచేయుట గొప్పపని యని చెప్పుచున్నది. కర్ణాటకమున తెలుగు బడులను, సంఘములను, గ్రంథాలయములను స్థాపించినవారు మన పూర్వులు. వానికి స్థాపకులు ఇక అక్కఱలేదు. కావలసినవారు నిర్వాహకులు.